తెర మీది మనిషికి ఎముకలు

ఈ రోజులలో చలనచిత్రాలలో కనిపించే మనుష్యులందరూ తల్లి కడుపున పుట్టినవారు కారు. గుర్రము మీదినుంచి పడే సైనికుడు, కోటగోడ మీదినుంచి దూకే వీరుడు, యుద్ధభూమిలో బారులు తీరిన వేలాది భటులు – వీరిలో చాలామంది కంప్యూటరులో తయారైనవారు. వారికి ముఖము, దుస్తులు, వెంట్రుకలు అన్నీ ఉంటాయి. ప్రేక్షకునికి కనిపించనిది ఇంకొకటి కూడా ఉంటుంది. అది అస్థిపంజరము. ఆ బొమ్మ నడకను చూచి మనము "ఔను, మనిషే" అనుకోవడమూ, "ఇదేదో బొమ్మ" అని పెదవి విరవడమూ చాలావరకు ఆ కనిపించని ఎముకల మీదనే ఆధారపడి ఉంటుంది. ఆ అస్థిపంజరాన్ని ఎట్లా కడతారు, దానిని సరిగా కట్టడములో ఉన్న చిక్కు ఏమిటి అనే విషయాన్ని ఈ ప్రసంగములో వివరింపదలచినాము.

రేడియోలో బొమ్మలు చూపడానికి వీలు లేదు. ఐనా ఈ విషయానికి కావలసిన పరికరము శ్రోతలందరి దగ్గరా ఉన్నది. అది వారి దేహమే. మధ్య మధ్య ఒక చేయి ఎత్తమనో, మెడ త్రిప్పమనో మేము కోరుతాము. ప్రసంగము వింటున్నవారు ఉన్నచోటనే ఆ పని చేయవచ్చు. పత్రికలో చదువుకొనేవారు పత్రికను కాసేపు ప్రక్కన పెట్టి చేయవచ్చు. పిల్లలను కూడా పిలిచి చేయిస్తే మరీ మంచిది. వారి కీళ్లు పెద్దల కీళ్లకన్న చురుకైనవి.

మొదట అసలు అస్థిపంజరము ఎందుకో చెప్పవలెను. కంప్యూటరులోని మనిషి చర్మము ఒక వలవంటిది. ఆ వలలో వేలకొలది ముడులు ఉంటాయి. సినిమాలో సెకనుకు 24 చిత్రాలు నడుస్తాయి. ప్రతి చిత్రానికీ ప్రతి ముడినీ విడివిడిగా చేతితో జరపవలెనంటే ఒక్క అడుగు వేయించడానికే నెలలు పట్టిపోతాయి. అందువల్ల చిత్రకారులు ఆ వల లోపల ఎముకలను అమర్చి, ప్రతి ముడినీ దానికి దగ్గరనున్న ఎముకకు అంటగడతారు. ఎముక కదలితే దానిని అంటిపెట్టుకొన్న చర్మమూ కదులుతుంది. ఈ ఏర్పాటును ఆ వృత్తిలోనివారు రిగ్ అంటారు.

ఈ ఎముకలు ఒక చెట్టువలె ఒకదానినుంచి ఒకటి పుట్టుకొని వస్తాయి. కటివలయము మూలము. అక్కడినుంచి వెన్నెముక పైకి, రెండు తొడలు క్రిందికి సాగుతాయి. వెన్నెముక చివర మెడ, తల, ప్రక్కలకు చేతులు. మూలము జరిగితే దేహమంతా జరుగుతుంది. మోచేయి వంగితే ముంజేయి, అరచేయి, వ్రేళ్లు మాత్రమే దానితో వస్తాయి. కనుక భుజము దగ్గర జరిగిన చిన్న పొరపాటు అక్కడే ఆగదు. వ్రేలికొన వరకు ప్రయాణము చేస్తుంది.

ఈ ఊహ తెలుగువారికి క్రొత్తది కాదు. మన తోలుబొమ్మలాటలో బొమ్మ ఒకే తోలుముక్క కాదు. చేతుల భాగాలను విడివిడిగా కత్తిరించి, భుజము దగ్గర, మోచేయి దగ్గర, మణికట్టు దగ్గర దారముతో ముడి వేస్తారు. ఆ ముడే కీలు. బొమ్మ నడుమ ఒక నిలువు పుల్ల, చేతులకు వేరే పుల్లలు. ధర్మవరము ప్రాంతములోని నిమ్మలకుంటలో ఈనాటికీ తోలుబొమ్మలు చేసే కుటుంబాలు ఉన్నాయి. తోలుబొమ్మ కీలు ఎటు త్రిప్పితే అటు తిరుగుతుంది. హనుమంతుని మోచేయి వెనుకకు విరిగినట్లు వంగినా చూచేవారికి బాధ లేదు; పాట, మద్దెల, ఆడించేవాని గొంతు కలిసి ఆ బొమ్మకు ప్రాణము పోస్తాయి. తోలుబొమ్మ తాను మనిషినని ఎన్నడూ చెప్పుకోదు. కంప్యూటరులోని మనిషి చెప్పుకొంటాడు. అందుచేత అతని కీలు ఎక్కడ ఉన్నదో, ఎటు తిరుగుతుందో, అంతకన్న ముఖ్యముగా ఎటు తిరగకూడదో సరిచూడవలసి వస్తుంది. ఈ ప్రసంగములోని ముఖ్య విషయము ఇదే.

మనిషి నడకలోనుంచి ఎముకల నడకను వేరుచేసి చూడాలనే ప్రయత్నము కంప్యూటరుకన్న పాతది. 1880లలో ఫ్రాన్సు దేశపు శరీరశాస్త్రజ్ఞుడు ఏటియెన్ జూల్ మారే ఒక మనిషికి తలనుంచి పాదాలవరకు నల్లని దుస్తులు తొడిగించి, చేతుల వెంబడి, కాళ్ల వెంబడి తెల్లని పట్టీలు అమర్చినాడు. నల్లని తెర ముందు ఆ మనిషి నడుస్తుండగా ఒకే ఫలకము మీద వరుసగా అనేక ఛాయాచిత్రాలు తీసినాడు. దేహము నలుపులో కలిసిపోయింది. పట్టీలు మాత్రము గీతలుగా పడినవి. మనిషి మాయమై అతని నడక మిగిలింది.

1891లో జర్మనీలోని లైప్‌జిగ్ నగరములో మరొక ప్రయోగము జరిగింది. విల్‌హెల్మ్ బ్రౌనే శరీరనిర్మాణ శాస్త్రజ్ఞుడు. ఓటో ఫిషర్ గణితజ్ఞుడు. వీరిద్దరూ ఒక సైనికుని అవయవాలకు వెలుగు గొట్టాలు కట్టి, రాత్రివేళ చీకటిలో నడిపించి, నాలుగు కెమెరాలతో చిత్రాలు తీసినారు. ఒకే వెలుగు వేర్వేరు కెమెరాలలో వేర్వేరు చోట్ల పడుతుంది. ఆ తేడాలనుంచి అది ఎంత ఎత్తున, ఎంత దూరాన ఉన్నదో లెక్కకట్టవచ్చు. మరుసటి సంవత్సరమే బ్రౌనే మరణించినాడు. ఫిషర్ ఆ లెక్కలను ఒంటరిగా కొనసాగించి, 1895 మొదలు 1904 వరకు ఫలితాలను ప్రకటించినాడు. కొద్ది అడుగుల నడకకు అన్ని సంవత్సరాల గణితము పట్టింది. నేడు నటుల దేహానికి మెరిసే గుండ్లు అంటించి చుట్టూ కెమెరాలు నిలిపి చేసే మోషన్ కాప్చర్ పద్ధతికి వీరే పూర్వులు. 2014లో తెలుగులో 'విక్రమసింహ' అనే పేరుతో విడుదలైన 'కోచ్చడయాన్' చిత్రములోని పాత్రలను ఆ పద్ధతిలోనే నడిపించినారు.

బొమ్మల సినిమాలవారు మొదట ఎముకల జోలికి పోలేదు. అమెరికాలో మాక్స్ ఫ్లైషర్ 1917లో ఒక యంత్రానికి పేటెంటు పొందినాడు. నటుని చలనచిత్రాన్ని ఒక్కొక్క చిత్రముగా గాజుపలక మీద పడవేసి, ఆ ఆకారపు అంచులను కాగితము మీద గీసుకోవడానికి అది ఉపకరించేది. 1937లో వచ్చిన డిస్నీవారి స్నో వైట్ చిత్రానికి కూడా ఒక నర్తకి అభినయాన్ని ముందుగా చిత్రీకరించి, దానిని చూచి బొమ్మలు వ్రాసినారు. అంచుగీతలో ఎముక కనిపించకపోయినా చిత్రకారుని చేయి దానిని ఎరుగును. అతనికీ ఒక దేహము ఉన్నది గదా! కంప్యూటరుకు దేహము లేదు. దానికి ప్రతి కీలునూ చెప్పి చేయించవలసినదే. 1972లో యూటా విశ్వవిద్యాలయములో చదువుకొంటున్న ఎడ్విన్ కాట్‌మల్, ఫ్రెడ్ పార్క్ అనే ఇద్దరు కంప్యూటరులో ఒక మనిషి చేతిని కదిలించి చూపినారు. కాట్‌మల్ తన ఎడమచేతికే అచ్చు పోసి, దాని మీద గీతలు గీసి, కొలతలు తీసి యంత్రానికి ఎక్కించినాడు. వ్రేళ్లు ముడుచుకొని విప్పుకొన్న ఆ చిన్న చిత్రము నేటి తెర మీది మనుష్యులందరికీ పెద్దన్నవంటిది.

పెద్దవయసు మనిషిలో 206 ఎముకలు ఉంటాయి. మణికట్టుతో కలిపి ఒక్కొక్క చేతిలో 27, ఒక్కొక్క పాదములో 26. కంప్యూటరు మనిషికి ఇవన్నీ అక్కరలేదు. పుఱ్ఱెలో దవడ తప్ప తక్కినదంతా ఒకే ముక్కగా కదులుతుంది. మణికట్టులోని ఎనిమిది చిన్న ఎముకలను కలిపి ఒకే కీలుగా లెక్కించినా చాలా పనులకు సరిపోతుంది. ఎముకల సంఖ్య పెంచినంతమాత్రాన నిజము రాదు. కీలు చోటు తప్పితే రెండువందల ఎముకలూ కలిసి ఒకే అబద్ధము చెబుతాయి.

తుంటిని తీసుకొందాము. తుంటికీలు ఎక్కడ అని అడిగితే చాలామంది ప్రక్కభాగములో చేతికి తగిలే గట్టి ఎముకను చూపుతారు. అది తొడ ఎముక మీది బొడిపె మాత్రమే. అసలు కీలు, బంతివంటి తొడ ఎముక తల గిన్నెవంటి గుంటలో ఇమిడే చోటు, ఇంకా లోపల ఉన్నది. గజ్జ మడతకు నడిమిభాగాన, కండరాల వెనుక. లేచి నిలబడి ఒక మోకాలిని రొమ్ము వైపు ఎత్తి చూడండి. మడత పడేది ప్రక్కన కాదు, ముందు గజ్జలో. పెద్దవారిలో రెండు తుంటికీళ్ల నడిమి దూరము సుమారు 17 సెంటీమీటర్లు. బయటి బొడిపెల నడిమి దూరము దానికి దాదాపు రెట్టింపు. క్రొత్తగా పని నేర్చుకొనేవారు బొమ్మ ఆకారాన్ని చూచి కీలును బయటికి జరిపి పెట్టడము తరచుగా జరిగే పొరపాటు.

ఆ పొరపాటుకు ఫలితమెంతో లెక్కకట్టవచ్చు. కీలును ఉండవలసిన చోటికి రెండు సెంటీమీటర్లు వెనుకగా పెట్టినాము అనుకొందాము. తొడ ముందుకు తొంబది డిగ్రీలు లేచేసరికి మోకాలు, పాదము కూడా ఉండవలసిన చోటునుంచి 2.8 సెంటీమీటర్లు తప్పుతాయి. కుర్చీలో కూర్చోబోయే మనిషి పాదము నేలలో దిగబడుతుంది, లేదా గాలిలో తేలుతుంది. పాదాన్ని నేలకు బిగించి, మోకాలు ఎంత వంగవలెనో వెనుకనుంచి లెక్కకట్టే పద్ధతి ఒకటి ఉన్నది. అప్పుడు పొరపాటు పాదమునుంచి మోకాలికి మారుతుంది గాని పోదు. ఇంటిలో చిల్లిపడిన కప్పు క్రింద మంచాన్ని జరిపినట్లే!

ఇప్పుడు భుజము. ఎడమ వ్రేళ్లను కుడివైపు జత్రుక మీద, అనగా మెడ క్రింద అడ్డముగా ఉన్న సన్నని ఎముక మీద, ఆనించండి. కుడిచేయిని ప్రక్కకు చాచి నెమ్మదిగా తలపైకి ఎత్తండి. వ్రేళ్ల క్రింద ఆ ఎముక లేవడము తెలుస్తుంది. వెనుకనున్న రెక్క ఎముక కూడా అదే సమయములో ప్రక్కటెముకల మీద జారుతూ తిరుగుతుంది. చేయి 180 డిగ్రీలు పైకి లేచినదంటే అందులో సుమారు 120 డిగ్రీలు మాత్రమే భుజకీలుది. తక్కిన 60 రెక్క ఎముకది. ఈ రెండింటి పొత్తును 1944లో అమెరికాలో వెర్న్ ఇన్మన్, ఆయన సహచరులు కొలిచి ప్రకటించినారు. ఇంకొక విశేషము. చేయి మొండెముతో ఎముకకు ఎముకగా కలిసే చోటు భుజము దగ్గర లేదు. కంఠము క్రింద, జత్రుక రొమ్ముఎముకను తాకే చోట ఉన్నది. ఇది తెలియనివారు చేయిని భుజము దగ్గర ఒక్క కీలుతో తగిలిస్తారు. చేయి క్రిందికి ఉన్నంతసేపు బొమ్మ బాగానే కనిపిస్తుంది. నమస్కారము పెట్టడానికి తల పైకి చేతులెత్తినప్పుడు భుజము లోపలికి కుంగి, చంక చినిగినట్లు అవుతుంది.

ముంజేతిది ఇంకొక మాయ. మోచేతిని బల్ల మీద ఆనించి, అరచేతిని ఆకాశమువైపు ఉంచి, దానిని నేలవైపుకు త్రిప్పండి. తాళము త్రిప్పే కదలిక ఇదే. అరచేయి బోర్లపడింది, మోచేయి మాత్రము ఉన్నచోటనే ఉన్నది. ఎట్లా సాధ్యమయినది? ముంజేతిలో రెండు ఎముకలు ఉన్నాయి. చిటికెనవ్రేలి వైపుది దాదాపు కదలక నిలిచి ఉంటుంది. బొటనవ్రేలి వైపుది దాని మీదుగా దాటి అడ్డము పడుతుంది. అందువల్ల మోచేతి దగ్గర చర్మము కొద్దిగా, మణికట్టు దగ్గర పూర్తిగా తిరుగుతుంది. రిగ్‌లో ముంజేతికి ఒకే ఎముక పెట్టి, తిరుగుడంతా మణికట్టులో పడవేస్తే అక్కడి చర్మము పిండిన తడిబట్టవలె మెలిపడి సన్నబడుతుంది. తెలిసినవారు ముంజేయి పొడవున రెండు మూడు చిన్న ఎముకలను అమర్చి, ఆ తిరుగుడును కొంచెము కొంచెముగా పంచుతారు.

మోకాలు మడతబందు కీలని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. తలుపు మడతబందులో ఇరుసు స్థిరముగా ఉంటుంది. మోకాలిలో అది స్థిరము కాదు. వంగేటప్పుడు తొడ ఎముక క్రింది ఎముక మీద కొంత దొర్లుతుంది, కొంత జారుతుంది. ఇరుసు కూడా జరుగుతూ పోతుంది. కాలు పూర్తిగా చాచే చివరి క్షణములో క్రింది ఎముక కొద్దిగా బయటికి తిరిగి బిగుసుకొంటుంది. మెడలోనూ ఇట్టి పక్షపాతమే. మెడను ప్రక్కకు త్రిప్పినప్పుడు ఏడు పూసలూ సమముగా పని పంచుకోవు. సుమారు సగము తిరుగుడు మొదటి రెండు పూసల నడుమనే జరుగుతుంది. నడుములోని అయిదు పూసలు ముందుకు వెనుకకు బాగా వంగుతాయి గాని మెలిదిరగడానికి అంతగా ఒప్పుకోవు. వెనుదిరిగి చూచేటప్పుడు ఆ భారాన్ని రొమ్ము వెనుకనున్న పన్నెండు పూసలు ఎక్కువగా మోస్తాయి. వెన్నెముకను రబ్బరు గొట్టమువలె అంతటా సమముగా మెలిపెట్టిన బొమ్మను చూస్తే కారణము చెప్పలేకపోయినా కన్ను ఒప్పుకోదు.

ఇన్ని కీళ్లు లోపల దాగి ఉన్నప్పుడు వాటి చోటు కనుగొనడము ఎట్లా? తొలి మార్గము శవపరీక్ష. 1955లో మిచిగన్ విశ్వవిద్యాలయానికి చెందిన విల్‌ఫ్రిడ్ డెంప్‌స్టర్ అమెరికా వైమానిక దళము కొరకు చేసిన పరిశోధనలో ఎనిమిది పురుష దేహాలను పరీక్షించి, ఒక కీలు కేంద్రమునుంచి మరొక కీలు కేంద్రానికి గల దూరాలను, అవయవాల బరువులను కొలిచినాడు. విమానములో కూర్చున్న మనిషి చేయి ఎంతవరకు అందుతుందో తెలుసుకోవడము ఆ పరిశోధనకు ప్రేరణ. 1994లో అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయమువారు పరిశోధనకై ఇచ్చిన ఒక పురుషుని దేహాన్ని ఒక్కొక్క మిల్లీమీటరు మందాన పొరలుగా చిత్రించి లోకానికి అందించినారు. 1995లో ఒక స్త్రీ దేహాన్ని ఇంకా సన్నని పొరలలో చిత్రించినారు. ఎముక, కండరము, చర్మము దేని వెనుక ఏది ఉన్నదో వాటిలో చూడవచ్చు.

జీవించి ఉన్న మనిషి విషయములో వేరొక ఉపాయము ఉన్నది. కాలిని గాలిలో వలయాకారముగా త్రిప్పమంటారు. తొడకు అంటించిన గుండ్లు ఒక గోళము మీద సంచరించినట్లు సంచరిస్తాయి. ఆ గోళానికి కేంద్రము ఏదో లెక్కకడితే అదే తుంటికీలు. కంటికి కనబడని చోటును కదలికే పట్టి యిస్తుంది. ఐతే ఇక్కడా ఒక చిక్కు ఉన్నది. గుండ్లు ఎముకకు కాదు, చర్మానికి అంటి ఉంటాయి. చర్మము, కొవ్వు, కండరము ఎముక మీద జారుతాయి. తొడ దగ్గర ఈ జారుడు ఒకటి రెండు సెంటీమీటర్లు ఉండవచ్చు. పైపొర చెప్పే మాటను పూర్తిగా నమ్మకుండా లోపలి ఎముక ఎక్కడ ఉండగలదో విచారించవలెను.

ఈ విచారణకు ఇటీవలి ఉదాహరణము ఒకటి చెబుతాము. జర్మనీలోని మాక్స్ ప్లాంక్ సంస్థ పరిశోధకులు 2015లో ఎస్.ఎం.పి.ఎల్. అనే మానవదేహపు నమూనాను ప్రకటించినారు. వేలాది దేహాల కొలతలనుంచి తయారైన ఈ నమూనా ప్రపంచమంతటా వ్యాప్తిలోకి వచ్చింది. దానిలో 24 కీళ్లు. ప్రతి కీలూ మూడు దిక్కులలోనూ తిరగగలదు. అనగా 72 విధాల స్వేచ్ఛ. మోకాలు కూడా మూడు దిక్కులా తిరగవచ్చు. కంప్యూటరు దృష్టిలో అది భుజమువంటిదే. 2023లో స్కెల్ అనే క్రొత్త నమూనా వచ్చింది. దీనిలో అదే చర్మము క్రింద శరీరశాస్త్రానికి సరిపోయే ఎముకలు పెట్టినారు. రెక్క ఎముక ప్రక్కటెముకల మీద జారుతుంది. ముంజేతి ఎముక రెండవదానిని దాటుతుంది. మోకాలు వంగవలసిన తీరుననే వంగుతుంది. స్వేచ్ఛలు 72 నుంచి 46కు తగ్గినవి. ఒక్కొక్క నిషేధము చేర్చినకొద్దీ నమూనా మనిషికి దగ్గరయింది. తాళము తెలిసిన సంగీతములో స్వరానికి అందము వచ్చినట్లే, హద్దు తెలిసిన కీలులో కదలికకు నిజము వచ్చింది.

ఆ హద్దులు ఎవరివి అనే ప్రశ్న కూడా వేసుకోవలసినదే. డెంప్‌స్టర్ కొలిచినది ఎనిమిది దేహాలు, అందరూ పురుషులు. 2015 నాటి నమూనాకు ఆధారమైన దేహాల కొలతలు అమెరికాలోను, ఐరోపాలోను తీసినవి. స్త్రీ కటివలయము పురుషునిదానికన్న వెడల్పు. పసివాని తల అతని దేహములో నాలుగవ వంతు. పెద్దమనిషి అస్థిపంజరాన్ని కుదించినంతమాత్రాన పసివాడు కాడు. అలవాట్లు కూడా కీళ్లను తీర్చుతాయి. మన పల్లెలలో గొంతుకూర్చొని అంట్లు తోమే ఇల్లాలు, బాసింపట్టు వేసుకొని గంటసేపు కదలకుండా భోజనపంక్తిలో కూర్చొనే తాత, పళ్లెము అంచు మీద పాదాలు నిలిపి మోకాళ్లను ఇరుప్రక్కలకు విప్పి తరంగము ఆడే కూచిపూడి నర్తకి – వీరి తుంటి, మోకాలు, చీలమండ వెళ్లగలిగినంత దూరము కుర్చీలో మాత్రమే కూర్చొనేవారిని చూచి గీసిన హద్దులలో ఇమడదు. మన మనుష్యులను తెర మీద నిజముగా చూపదలచినవారు మన కూర్చొనే తీరును కూడా కొలవవలసి ఉంటుంది.

ఇదంతా వినోదానికే గదా, రెండు సెంటీమీటర్లు తప్పితే నష్టమేమిటి అని ఎవరైనా అడగవచ్చు. ఇదే అస్థిపంజరము ఆసుపత్రిలోనూ పని చేస్తున్నది. సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లలలో కొందరు మోకాళ్లు వంచి, పాదాలు లోపలికి త్రిప్పి నడుస్తారు. దానికి కారణము మోకాలి వెనుక కండరము బిగుసుకోవడమా, తొడ ఎముకలోనే ఉన్న మెలికా అన్నది తెలియవలెను. మొదటిదైతే కండరాన్ని పొడిగిస్తారు. రెండవదైతే ఎముకను కోసి, త్రిప్పి, నిలుపుతారు. ఏది చేయవలెనో నిర్ణయించడానికి ఆ బిడ్డ కాళ్లకు గుండ్లు అంటించి నడిపించి, కంప్యూటరులోని అస్థిపంజరాన్ని అదే విధముగా నడిపించి చూస్తారు. ఆ అస్థిపంజరములో మోకాలి ఇరుసును కొన్ని డిగ్రీలు తప్పుగా పెడితే, తొడలో లేని మెలిక ఉన్నట్లు కనిపించవచ్చు.

ఇటువంటి తప్పును పట్టుకొనే ఉపాయము కూడా నిషేధములోనే ఉన్నది. నడకలో మోకాలు ప్రక్కకు పెద్దగా వంగదు. లెక్కలో మాత్రము బిడ్డ మోకాలు ప్రతి అడుగుకూ ప్రక్కకు బాగా వంగినట్లు వస్తే, అనుభవజ్ఞులు బిడ్డ మోకాలినికన్న ముందుగా గుండ్ల అమరికను అనుమానిస్తారు. ఎముక చేయలేని పనిని నమూనా చేసినదంటే తప్పు చాలావరకు నమూనాదే. శస్త్రచికిత్స బల్ల దాకా పోకముందే ఆ తప్పు దొరకడము ఎంత మేలో వేరుగా చెప్పనక్కరలేదు.

1970లో జపాను దేశపు శాస్త్రజ్ఞుడు మసహిరో మోరి యంత్రపు మనుష్యులను గురించి ఒక మాట వ్రాసినాడు. బొమ్మ మనిషిని పోలినకొద్దీ మనకు దాని మీద మక్కువ పెరుగుతుంది; పోలిక దాదాపు పూర్తి అయి కొద్దిలో తప్పినప్పుడు మక్కువ హఠాత్తుగా జుగుప్సగా మారుతుంది; బొమ్మ కదిలేదైతే ఆ జుగుప్స మరీ ఎక్కువ అవుతుంది అని ఆయన అభిప్రాయము. మనిషి నడకను మనము ఊయలలో పడుకొన్ననాటినుంచి చూస్తున్నాము. వీధిమలుపులో వచ్చేవారి ముఖము తెలియకముందే నడకను బట్టి ఫలానావారని పోల్చుకొంటాము. ఇంత చదువుకొన్న కంటిని రంగులతో, వెలుగుతో మోసగించడము కష్టము.

కాబట్టి ఇకమీదట సినిమాలో కంప్యూటరు మనిషి కనిపించినప్పుడు అతని ముఖాన్ని కాసేపు మరచిపోయి, చేయి ఎత్తినప్పుడు భుజము లేచినదా, పాదము నేల మీద నిలిచినదా, వెనుదిరిగినప్పుడు నడుము ఎంత మెలిపడినది అని చూడండి. అవి సరిగా ఉంటే ఎవరో ఒక పనివాడు రంగు వేయడానికి ముందు ఎముకల దగ్గర చాలాకాలము కూర్చొని, ప్రతి కీలుకూ దాని చోటునూ దాని హద్దునూ నేర్పినాడని తెలుసుకోవచ్చు. అతని పని ఎక్కడా కనిపించదు. కనిపించకపోవడమే ఆ పని బాగున్నదనడానికి గుర్తు.